తిండి టీచరమ్మ, మా తమ్ముడి ఎత్తు బంగారం

పోయిన నెల ఒక పొద్దున హుజూరాబాద్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, టీచరమ్మ పోయింది" అన్నాడు. ఎప్పుడు, ఎట్లా అని నేను అడుగుతూనే ఉన్నాను. ఎస్టీడీ బూత్ ముందు పోతున్న లారీల చప్పుడు, వాడి ఆయాసం తప్ప ఏమీ వినబడలేదు. మా తమ్ముడు భారీ మనిషి, ఫోన్ పట్టుకుంటే ముందు ఆయాసమే వినబడుతుంది. ఆ రోజు దాంట్లో ఏడుపు కూడా కలిసింది. "వస్తున్న తమ్మీ, ఫోన్ పెట్టెయ్" అని చెప్పి కరీంనగర్ బస్టాండుకు పోయి దొరికిన బస్సు ఎక్కాను.

ఈ నాలుగు ముక్కలు రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమె గురించి పేపర్లో వేయించే కొడుకులు, కోడళ్ళు ఆమెకు లేరు. మా ఊళ్ళో మాత్రం ఆమె చెయ్యి పడని వంటిల్లు తక్కువ. అయినా ఆమె పోయేటప్పుడు తృప్తిగా పోలేదు. మా ఇంటి సంగతి మనసులో ముల్లులాగా పెట్టుకునే పోయింది. అది నాకు తెలుసు కాబట్టి నేనే రాయాలి.

ఆమె ఆడపిల్లల బడిలో కుట్లు, అల్లికలు, వంట నేర్పే టీచరమ్మ. సొంతూరు చెన్నూరు, గోదావరి పక్క. పెండ్లయిన కొన్నాళ్ళకే భర్త పోయాడట, పిల్లలు లేరు. ఉద్యోగం వచ్చి మా ఊరికి వచ్చినప్పుడు మా ఇంటి వెనుక రెండు అర్రలు కిరాయికి తీసుకుంది. బడి విడిచాక గొడుగు చేత పట్టుకుని నేతోళ్ళ వాడకు పోయేది. అక్కడ మగ్గాల సందుల్లో ఎముకలు తేలిన పిల్లలు. వాళ్ళ తల్లులను కూర్చోబెట్టి జొన్నలు, పెసర్లు, పల్లీలు వేయించి పిండి పట్టించి జావ కాచుడు నేర్పేది. ఎవరు పంపారని అడిగితే, "గంట కొట్టేదాంక సర్కారు పని, గంట కొట్టినంక నా పని" అనేది.

ఒకనాడు అట్లా తిరిగొస్తూ మా అరుగు మీద కూర్చున్న తమ్ముడిని చూసి ఆగిపోయింది. వాడి ముందు గిన్నె నిండా రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద, దాని మీద తేలే నెయ్యి. వాడికి అప్పుడు ఆరేడేండ్లు ఉంటాయి. మెడ కనబడేది కాదు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "ఆ వాడల పెట్టుండ్రి పెట్టుండ్రి అని మొత్తుకొని వస్తున్న. గీ వాడల పెట్టకుండ్రి అని మొత్తుకోవాల్నా? నా బతుకు చూడుండ్రి!" అన్నది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కానీ అరుగు దగ్గరి నుంచి కదల్లేదు.

పిల్లవాడు తింటే తప్పేమిటి? ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఈ మాటే అనేవాళ్ళు. బొద్దుగా ఉంటే ఇంటికి కళ, బక్కగా ఉంటే తల్లికి మాట. అందుకే ఆమెను వెక్కిరిస్తూ తిండి టీచరమ్మ అన్నారు. ఆ పేరే నిలిచింది. ఆమె కూడా ఇండ్ల ముందర నిలబడి, "తిండి టీచరమ్మ వచ్చింది, తలుపు తియ్యుండ్రి" అనేది.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మాది రైతుల వడ్లు తూచి అమ్మిపెట్టే అడ్తి దుకాణం, కొంత భూమి. నాకు ముందు ఒక మగపిల్లవాడు, నా తర్వాత ఒక మగపిల్లవాడు పుట్టి పోయారు. ఆ తర్వాత తమ్ముడు. మేము నాయనను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు వాళ్ళ అమ్మ, మా బాపమ్మ, వాడు పుట్టగానే సమ్మక్క తల్లికి మొక్కింది. పోరడు బతికి బట్టకడితే పెండ్లి దాకా జాతర జాతరకు ఎత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. తల్లులకు ఇచ్చే బెల్లాన్ని బెల్లం అనరు. మనిషిని తరాజులో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో అంతే బరువు బెల్లం పెట్టి, దాన్ని జాతరకు తీసుకుపోయి గద్దెల దగ్గర ఇస్తారు. మా దిక్కు ఇది ఇంటింటా ఉన్నదే.

మొక్కులో తప్పు లేదు. మా బాపమ్మ దానికి ఇంకో మాట కలిపింది. ఏడాది విడిచి ఏడాది జాతర వస్తుంది కదా, పోయినసారి కంటే ఈసారి ఎక్కువ తూగాలి. "పోయినసారి కంటె తక్కువ పట్కపోతె తల్లులకు ఏం మొఖం చూపియ్యాలె?" అనేది. ఈ మాట తల్లులు చెప్పలేదు, ఏ పూజారీ చెప్పలేదు. మా ఇంట్లో పుట్టి మా ఇంట్లోనే పెరిగిన మాట. అడ్తి దుకాణం వాళ్ళం కదా, తూకం తగ్గితే మాకు పరువు పోయినట్టే.

జాతర ఆరు నెలలుందనగా మేపుడు మొదలయ్యేది. పొద్దున మీగడ, పగటీలి బూరెలు, సాయంత్రం మలీద, రాత్రి నెయ్యి కారే బువ్వ. బాపమ్మ తన చేత్తో బుక్కలు పెట్టేది. వాడు చాలంటే "ఈ ఒక్క బుక్క తల్లికి" అనేది. తల్లి బుక్క అయ్యాక సారలమ్మ బుక్క. ఇద్దరు తల్లులు ఉన్నందుకు మా తమ్ముడికి ఎప్పుడూ రెండు బుక్కలు ఎక్కువే. నేను ఆడపిల్లను, నన్నెవరూ తూచలేదు. గిన్నెలు అందించడమే నా పని. అందుకే సన్నగా బతికిపోయానని ఇప్పుడు నవ్వుకుంటాను, అప్పుడైతే కుళ్ళుకునేదాన్ని.

టీచరమ్మ మా ఇంటికి ముందు తలుపు నుంచి రాలేదు. పెరటి తలుపు నుంచి తిన్నగా వంటింట్లోకి వచ్చి, పీట జరుపుకుని కూర్చుని, గిన్నెల మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. అది ఆమె పద్ధతి. ఎవరింటికి పోయినా అంతే. మా అవ్వ బిత్తరపోయి చూస్తూ నిలబడింది. "చెల్లె, పిల్లగానికి పెట్టేది నాకు చూపియ్యి. చుట్టాలకు పెట్టేది గాదు" అన్నది ఆమె. అవ్వ అత్త దిక్కు చూసింది. మా ఇంట్లో కోడలు వండుతుంది, వడ్డించేది అత్త.

బాపమ్మకు సంగతి అర్థమై లేచి వచ్చింది. "ఏందే పిల్లా, నా మనుమని మీద కన్ను పెట్టినవా? ఇద్దరు పోయి ఒక్కడు నిలబడ్డడు. లావుగున్నడని ఇంట్లకొచ్చి అంటవు, నీకు నోరెట్ల వచ్చింది?"

"లావుగున్నడని నేననలే పెద్దవ్వా. గిన్నెలు చూస్తున్న, అంతే."

"గిన్నెలు నీ ఇంట్ల చూసుకో."

ఆమె గొడుగు తీసుకుని పోయింది. బాపమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు తమ్ముడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గులు. ఘాటు రాలేదు కాబట్టి ఆమె కన్ను గట్టిగానే తగిలిందని తేల్చింది. అందరం దగ్గుతుంటే ఘాటు రాకపోవడం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత జాతరకు వాడు ఇంకా బాగా తూగాడు. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. కానీ బడిలో వాడు మెట్లు ఎక్కలేకపోయేవాడు. పిల్లలు "బస్తా, బస్తా" అని వెంటపడేవాళ్ళు. నడిస్తే తొడలు ఒరుసుకుని పుండ్లు పడేవి. అవ్వ రోజూ కొబ్బరినూనె రాస్తూ కండ్లు తుడుచుకునేది. ఒకరోజు వాడు బడి నుంచి వస్తూ సగం దారిలో కూర్చుండిపోయాడు, ఊపిరి ఆడక పెదవులు నల్లబడ్డాయి. ఎవరో సైకిల్ మీద తెచ్చి దించారు. ఆ సాయంత్రం మా అవ్వ అత్తకు చెప్పకుండా పెరటి తలుపు తీసుకుని టీచరమ్మ అర్రకు పోయింది. నన్ను కూడా వెంట తీసుకుపోయింది.

"టీచరమ్మా, నా కొడుకు నాకు దక్కాలె. నువ్వేం చెప్తె అది చేస్త. గని మా అత్తను నేను కాదనలేను" అన్నది అవ్వ.

మరునాడు టీచరమ్మ మళ్ళీ మా ఇంటికి వచ్చింది, ఈసారి వంటింట్లోకి పోకుండా బాపమ్మ మంచం దగ్గర కింద కూర్చుంది.

"పెద్దవ్వా, నీ మొక్కు నేను చెడగొట్ట. పిల్లగాని బరువు తగ్గించుమని నేననను. తల్లులకు పోయినసారి ఎంత ఇచ్చినవో గంతకు ఒక్క గడ్డ తక్కువ గాకుంట నేను చూస్త. ఎక్కువ మాత్రం కానియ్య. పోరడు ఎత్తు పెరుగుతడు, బరువు నిలబడుతది. మొక్కు మొక్కే ఉంటది, పిల్లగాడు ఉంటడు."

"బక్కగైతె?"

"బక్కగైతె నా మీద మన్ను పొయ్యి."

బాపమ్మకు భయం కూడా ఉండింది. వాడి నల్లబడ్డ పెదవులు ఆమె కూడా చూసింది. "నా చేతి బుక్క మాత్రం ఆపను" అన్నది. టీచరమ్మ వెంటనే, "ఎవ్వలు ఆపుమన్నరు? బుక్క నీదే. బుక్కల ఏముండాల్నో నాది" అన్నది. బాపమ్మ మొదటిసారి నవ్వింది.

ఆ ఏడాదిన్నర మా ఇంట్లో నాకు గుర్తున్నంతలో మంచి కాలం. టీచరమ్మ రోజు విడిచి రోజు వచ్చేది. ఆమె వచ్చిందంటే వంటిల్లు కళకళలాడేది. మలీద పోయి సాయంత్రం ఉడికించిన శనగ గుడాలు వచ్చాయి, మక్క కంకులు వచ్చాయి, జామపండ్లు వచ్చాయి. రాత్రి జొన్నరవ్వ ఉడికించిన గట్కలో చల్ల పోసి, పక్కన కూర ఎక్కువ పెట్టేవాళ్ళు. బాపమ్మ మాత్రం బుక్కలు పెడుతూనే ఉండేది, తల్లికి ఒకటి, సారలమ్మకు ఒకటి అంటూనే. కాకపోతే ఆ బుక్కల్లో తోటకూర. "తల్లులు కూడ తోటకూర తింటరా టీచరమ్మా?" అని బాపమ్మ అడిగితే, "అడివిల ఉండేటోళ్ళు ఇంకేం తింటరు పెద్దవ్వా!" అనేది ఆమె.

ఇంట్లో "వద్దు" అనే మాట తమ్ముడి చెవిన పడకూడదని ఆమె షరతు. "వద్దన్నది పోరగాండ్లు దాసుకొని తింటరు. ఉన్నదాన్ని ముందట పెట్టుండ్రి, లేనిదాని ముచ్చటనే తియ్యకుండ్రి" అనేది. ఇంకొకటి కూడా చేసింది. బాపుకు పగటి బువ్వ గంప జీతగాడు మోసుకుపోయేవాడు. అది మాన్పించి సెలవు రోజుల్లో తమ్ముడికి, బాపమ్మకు ఆ పని పెట్టింది. ముసలామె, మనుమడు మార్కెట్ యార్డులో మా దుకాణం దాకా నడిచిపోయి వచ్చేవాళ్ళు. దారిలో ఆగి ఆగి, అందరితో మాట్లాడి, పోట్లాడి, పగలంతా గడిపేవాళ్ళు. బాపమ్మ మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయి, ఆ మాట ఆమె ఒప్పుకోలేదు కానీ.

తమ్ముడు ఎత్తు పెరిగాడు. మెడ కనబడింది. ఒకరోజు బడి నుంచి ఉరికి వచ్చి, "అక్కా, నేను ఉరికిన! ఆగకుంట ఉరికిన!" అన్నాడు. అవ్వ వాడిని పట్టుకుని ఏడ్చింది. టీచరమ్మ ఆ సంగతి విని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది.

జాతర దగ్గరపడుతుండగా బాపమ్మకు జ్వరం పట్టింది, వదల్లేదు. దవాఖాన మందులు మింగినా మంచం దిగలేకపోయింది. చూడడానికి బాపు వాళ్ళ అక్క, మా పెద్దత్త వచ్చింది. రాగానే తమ్ముడిని ఎగాదిగా చూసి నోరు నొక్కుకుంది. ఆ తర్వాత బాపమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అన్న మాట ఇది: "పోరడు గిట్ల చిక్కిండేంది? తల్లులకు తూకం తగ్గిస్తమని మీరనుకుంటె వాళ్ళు ఊకుంటరా? ముసలామెను పట్టుకున్నరు."

పెద్దత్త చెడ్డది కాదు. తల్లి మంచాన పడితే బిడ్డ ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. మేము పొలాల దగ్గర ఉన్నాము, ఆ మాట మా చెవిన పడలేదు. తమ్ముడు మాత్రం మంచం అవతలి పక్కన బాపమ్మ కాళ్ళు పిసుకుతూ కూర్చున్నాడు. వాడు విన్నాడు. ఆ సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు.

అక్కడి నుంచి వాడు మళ్ళీ లావెక్కడం మొదలుపెట్టాడు. మొఖం ఉబ్బింది, అంగీ గుండీలు పట్టలేదు. టీచరమ్మ వచ్చి గిన్నెల మూతలన్నీ ఎత్తి చూసింది. గట్కే ఉంది, కూరే ఉంది. ఆమెకు అంతు పట్టలేదు. చివరికి ఒకరోజు మా అవ్వను నిలదీసింది. "నా ముందట ఒకటి, నా ఎనుక ఒకటి చేస్తున్నవా చెల్లె? అత్త మంచాన పడ్డది, ఇగ పెట్టేటిది నువ్వే గద!" అన్నది. అవ్వ పొయ్యి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. అయినా ఆమె నమ్మలేదు. ఏ పాపమెరుగని మా అవ్వ ఆ తర్వాత ఆమె వస్తే మాట్లాడకుండా బయటికి పోయేది.

తూకం రోజు వచ్చింది. మా వాకిట్లో వడ్లు తూచే పెద్ద తరాజు కట్టారు. పళ్ళేలకు పసుపు, కుంకుమ పెట్టారు. డప్పు వాళ్ళు వచ్చారు, చుట్టాలు వచ్చారు. బాపమ్మను మంచంతో సహా అరుగు మీదికి తెచ్చారు. తమ్ముడికి కొత్త బట్టలు తొడిగి పళ్ళెంలో కూర్చోబెట్టారు. టీచరమ్మ వాకిలి దర్వాజా దగ్గర నిలబడి ఉంది, లోపలికి రాలేదు.

బెల్లం గడ్డలు పెడుతున్నారు. పోయినసారి పెట్టినంత పెట్టేశారు. వాడి పళ్ళెం లేవలేదు. ఇంకా తెచ్చారు, ఇంకా పెట్టారు. పెద్దత్త చేతులు జోడించింది. చుట్టాలు కేకలు వేశారు. తమ్ముడు మాత్రం నవ్వడం లేదు, గొలుసులు పట్టుకుని ముల్లు దిక్కే చూస్తున్నాడు. ముల్లు సరిగ్గా నిలబడగానే కిందికి దూకి, అందరినీ తోసుకుంటూ టీచరమ్మ దగ్గరికి పోయాడు.

"టీచరమ్మా, ఎక్కువనే అయిన. మస్తు ఎక్కువైన. ఇగ బాపమ్మకు మంచిగైతది గద?"

డప్పులు ఆగిపోయాయి. ఆమె కింద కూర్చుని వాడి రెండు చేతులు పట్టుకుని, "ఎవ్వలు చెప్పిండ్రు కొడుకా?" అని అడిగింది. వాడు అంతా చెప్పాడు. పెద్దత్త మాట తను విన్న సంగతి, బెల్లం కుండ దగ్గరికి పోయి తిన్న సంగతి, వాడకట్టులో ప్రతి ఇంటికీ పోయి ఆకలైతుందని అడిగి తిన్న సంగతి, కక్కు వస్తే మింగిన సంగతి. "నాకు తినబుద్ధి గాలే టీచరమ్మా. గని బాపమ్మ చచ్చిపోతదని తిన్న" అన్నాడు.

బాపమ్మ మంచం మీద లేచి కూర్చోబోయి పడింది. "నా కొడుకా, నా కోసం తిన్నవారా! ఇగ తూచ. నిన్నిగ తూచ. నా మొక్కు తీరింది" అని ఏడ్చింది. ఆ మాట వాడు విన్నాడో లేదో. బెల్లం బండ్లలో జాతరకు పోయింది. బండ్లు తిరిగి రాకముందే బాపమ్మ పోయింది.

శవం పక్కన కూర్చుని మా తమ్ముడు అవ్వను అడిగిన మాట నేను మరిచిపోలేను. "అవ్వా, జర తక్కువ తిన్ననేమో?" అన్నాడు.

టీచరమ్మ మా అవ్వ కాళ్ళ మీద పడబోతే అవ్వ పట్టుకుని లేపింది. ఇద్దరూ ఆ రోజు నుంచి అక్కచెల్లెండ్లలాగే ఉన్నారు. తమ్ముడి దగ్గరికి ఆమె ప్రతి సాయంత్రం వచ్చేది. వంటింటి దిక్కు చూసేది కాదు, వాడి పక్కన కూర్చునేది. ఎప్పుడు ఆకలైతది, ఏం తింటే సంబురమైతది, ఏం తింటే ఏడుపొస్తది అని అడిగేది. వాడు కొన్నిటికి చెప్పేవాడు, కొన్నిటికి తలకాయ వంచుకునేవాడు. కానీ తిండి వాడికి తిండిగా తిరిగి రాలేదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా వాడు గిన్నె తెచ్చుకుని కూర్చునేవాడు. పెద్దయ్యాక కూడా అంతే. బాపు దవాఖానలో ఉన్న నెల రోజులు వాడు తిన్న తిండి చూసి నాకు భయమేసింది.

ముప్పై నిండకముందే సుగర్ వచ్చింది. కాలి వేలు తీసేశారు. పొద్దున, సాయంత్రం సూదులు. దుకాణంలో కూర్చుంటాడు, నవ్వుతూ మాట్లాడతాడు, మంచి మనిషని పేరు. లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసం. చెట్టంత మనిషి నాలుగడుగులకు ఆగిపోవడం చూస్తే తోబుట్టువుకు ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి.

టీచరమ్మ మాత్రం మా ఇంటి తర్వాత తన పద్ధతి మార్చుకుంది. ఎవరింటికి పోయినా గిన్నెల మూతలు తర్వాత, ముందు పిల్లల దగ్గరికి. "ఆకలైతె తింటున్నవా, ఎవ్వల కోసమన్న తింటున్నవా?" అని అడిగేది. ఆ మాట అడిగితే పిల్లలు ఏమేం చెప్పేవాళ్ళో! బట్టల దుకాణం వాళ్ళ పిల్ల ఒకతి, "నేను తింటున్నంత సేపు అవ్వ బాపు కొట్లాడుకోరు" అన్నదట. అక్కడ టీచరమ్మ వంటింటి ముచ్చటే తీయలేదు, మొగుణ్ణీ పెండ్లాన్నీ కూర్చోబెట్టి మాట్లాడింది. అట్లా ఎందరో పిల్లలు మంచిగయ్యారు. వాళ్ళ పెండ్లిళ్ళలో ఆమెను ముందు కూర్చోబెట్టేవాళ్ళు.

నేను పుట్టింటికి పోయినప్పుడల్లా ఆమె అర్రలో కాసేపు కూర్చునేదాన్ని. ఒకసారి ఆమె అంతకు ముందు ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది. "మీ ఇంట్ల అందరితోని మాట్లాడిన బిడ్డా. మీ అవ్వతోని మాట్లాడిన, మీ బాపమ్మతోని బేరం చేసిన. తినే పిల్లగానితోని ఒక్కనాడు మాట్లాడలే. వాన్ని నేను గూడ తరాజుల పెట్టే చూసిన." నేను ఓదార్చబోయాను. తప్పు పెద్దత్తదన్నాను, బాపమ్మదన్నాను, మా ఇంటిదన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ తప్పులో ఎక్కువ పాలు మా ఇంటిదే. మొత్తం ఆమె ఎత్తుకుని పోయింది, అదే నాకు బాధ.

రిటైరయ్యాక ఆమె చెన్నూరు పోతుందనుకున్నాం, పోలేదు. రోజూ సాయంత్రం తమ్ముడిని దుకాణం నుంచి లేపి మార్కెట్ యార్డు చుట్టూ నడిపించేది. ఆమెకు మోకాళ్ళు, వాడికి ఆయాసం. ఇద్దరూ ఆగి ఆగి నడుస్తుంటే హమాలీలు దారి ఇచ్చేవాళ్ళు. "నన్ను ఇడిసిపెట్టు టీచరమ్మా, నీ మోకాళ్ళు చూసుకో" అని వాడనేవాడు. "నిన్ను ఇడిసిపెట్టేటట్టుంటె ఎన్నడో మా ఊరికి పోకపోదునా!" అనేది ఆమె.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తాం. కర్మ చేయడానికి చెన్నూరు నుంచి ఆమె తమ్ముడి కొడుకు వచ్చాడు. ఆమె అర్ర ముందర నేతోళ్ళ వాడ నుంచి, బజారు నుంచి ఆడవాళ్ళు బాగానే పోగయ్యారు. ఆ పిల్లవాడు అందరి దిక్కు చూసి, "మా అత్తకు ఏమిష్టమో చెప్పుండ్రి, చేయిస్త" అన్నాడు.

ఒకామె, "మా ఇంట్ల మంచినీళ్ళు తప్ప ఏం ముట్టకపోతుండె" అన్నది. ఇంకొకామె, "మా ఇంట్ల గూడ గంతే" అన్నది. మా అవ్వ నా మొఖం చూసింది, నేను అవ్వ మొఖం చూశాను. ఊళ్ళో ప్రతి పిల్లకూ ఏమిష్టమో తెలిసిన మనిషి ఆమె. ఆమెకు ఏమిష్టమో మా ఎవ్వరికీ తెలియదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడు, "సకినాలు" అన్నాడు. "సకినాలు చాయ్‌ల నానేసుకొని తింటది. ఎవ్వలు లేనప్పుడు. పిల్లల తల్లులు చూస్తె తన మాట వినరని దాసుకొని తింటుండె."

"నీకెట్ల ఎర్క తమ్మీ?" అన్నాను.

"బాపమ్మ పోయినంక నన్ను రోజు అన్ని అడుగుతుండె గదా. ఒకనాడు నేనడిగిన, నీకేమిష్టమని. జరసేపు ఏడ్చి చెప్పింది."

ఎవరో ఉరికి పోయి నూనెలో కాల్చిన బియ్యప్పిండి సకినాలు తెచ్చారు, ఎవరో చాయ్ పెట్టారు. తమ్ముడు నా భుజం పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. కూర్చోవడానికి వాడికి చాలాసేపు పట్టింది. సాసర్లో చాయ్ పోసి, సకినం విరిచి అందులో వేసి, అది మెత్తబడేదాకా చూశాడు. తర్వాత రెండు వేళ్ళతో తీసి, విరిగిపోకుండా విస్తరిలో పెట్టాడు. వేళ్ళకంటిన తీపి చాయ్ తువ్వాలకు తుడుచుకున్నాడు. గోడ మీద కాకి వచ్చి కూర్చుంది. అది దిగి రావడానికి మేమందరం వెనక్కి జరిగాం. తమ్ముడు లేవలేక అక్కడే ఉండిపోయి, "తిను టీచరమ్మా. ఎవ్వల కోసం గాదు, నీకిష్టమని తిను" అంటూ విస్తరిని కొంచెం ముందుకు జరిపాడు.